ఇంటి నంబరు లేని జ్వరాలు

మొన్న సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చుని, వారం వారం వచ్చే జ్వరాల లెక్కలు కంప్యూటర్లో ఎక్కిస్తుంటే వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండమ్మా" అని ఒక్క మాటంది. ఆయన్ను చేర్చిన ప్రైవేటు దవాఖాన నిజామాబాద్‌లోనే, మా ఆఫీసుకు రెండు గల్లీల అవతల. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నడిచే వెళ్లాను. ముందురోజు సాయంత్రం చూడబోయినప్పుడు నోరు పెగలక కళ్లతోనే పలకరించాడు. తెల్లారి లేస్తాడనే అనుకుని వచ్చాను.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. బోధన్ వైపు మొదలుపెట్టి, జిల్లా ఊళ్లలో ముప్పై మూడేళ్లు ఇల్లిల్లూ తిరిగి, జ్వరమున్నవాళ్ల వేలి నుంచి రక్తపు చుక్క తీసిన హెల్త్ అసిస్టెంటు. ఊళ్లవాళ్లకు మలేరియా సారు. ఆయనలాంటి వాళ్లు పంపే లెక్కలు కంప్యూటర్లో కొట్టే కాంట్రాక్టు ఉద్యోగం నాది. నేను చేరిన మొదటి వారమే నన్ను చెల్లె అన్నాడు. అప్పటి నుంచి ఆయన అన్న, ఆయన భార్య వదిన.

దవాఖాన బల్ల దగ్గర వదిన చేతిలో పెట్టిన కాగితాన్ని తీసుకుని చదివాను. మరణానికి కారణం అన్నచోట గుండె ఆగిపోవడం అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. పోయినవాడి గుండె ఆగక కొట్టుకుంటుందా? అదే ఫైలులో, నాలుగు కాగితాల కింద, ఆ దవాఖాన ల్యాబే ఇచ్చిన రక్తపరీక్ష ఉంది. మలేరియా, అందులోనూ మెదడుకెక్కే రకం అని స్పష్టంగా రాసి సంతకం కూడా పెట్టారు. జీవితమంతా ఏ క్రిమిని వెతుక్కుంటూ తిరిగాడో అదే ఆయన్ను తీసుకుపోయింది. దాని పేరు మాత్రం ఆఖరి కాగితం మీదికి రాలేదు.

చచ్చిన మనిషి ఎలాగూ రాడు, కాగితం మీద ఏం రాస్తే ఏమిటని మీకనిపించవచ్చు. ఆఫీసులో చేరిన కొత్తలో నాకూ అలాగే ఉండేది. మలేరియా తేలిందని రికార్డుల్లో ఒక్క లైను ఎక్కితే, నాలుగైదు రోజుల్లో ఆ ఇంటి చుట్టుపక్కలకు మనుషులు వెళ్లాలి. జ్వరమున్న ప్రతివాళ్ల రక్తం చూడాలి, మాత్రలు ఇవ్వాలి, గోడలకు దోమల మందు కొట్టాలి. ఆ లైను లేకపోతే ఎవరూ వెళ్లరు. గుండె ఆగినందుకు ఏ గల్లీలోనూ మందు కొట్టరు. అన్నను బోధన్ తీసుకుపోయే బండి ఎక్కిస్తుంటే వదిన నా భుజం పట్టుకుని, అంత దుఃఖంలోనూ, "పక్కింటి పొల్లకు రెండొద్దుల సంది ఒళ్లు కాలుతున్నదమ్మా. వాళ్ల అవ్వకు సుత" అంది.

అంటే ఆ గల్లీలో జ్వరం ఆయనతో ఆగలేదు, పక్కింటి పిల్లకూ వాళ్ల నాయనమ్మకూ పాకింది. ఆ పిల్ల దగ్గరికి ఎవరైనా వెళ్లాలంటే అన్న ఏ జబ్బుతో పోయాడో ఎక్కడో ఒకచోట నిజం రాసి ఉండాలి. బండి వెనక ఆటోలో కూర్చుని బోధన్ దాకా నేను ఆలోచించింది అదే. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆయన పనితీరు చెబితే తప్ప నా కోపం మీకు అర్థం కాదు.

అన్న ఏ ఇంటికెళ్లినా జ్వరం ఉందా అని అడిగేవాడు కాదు. అలా అడిగితే ఊళ్లో ఎవరూ ఉందనరు. నాట్లప్పుడు, పసుపు తవ్వేటప్పుడు జ్వరమని ఒప్పుకుంటే ఇంట్లో కూర్చోమంటారని భయం. అందుకని గడపలో కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, నిన్న పండేటప్పుడు ఎన్ని దుప్పట్లు కప్పుకున్నారని అడిగేవాడు. మగమనిషి ఒకటే అనేవాడు. వెంటనే లోపలి నుంచి పెళ్లాం, రెండు కప్పినా వణుకుడు ఆగలేదని అసలు సంగతి బయటపెట్టేది. అప్పుడు తీసేవాడు సంచిలోంచి దూది, సూది, గాజు పలకలు. పలక మీద పూసిన రక్తం ఆరేదాకా ఈగలు వాలకుండా చేత్తో విసురుతూ పసుపు ధర గురించో వాన గురించో మాట్లాడేవాడు. ఈగలు ఆ పూతను తినిపోతాయని, మనిషి జ్వరం ఈగ కడుపులోకి పోతే ఇంక ఎవరు వెతుకుతారని అనేవాడు.

ఆరిన పలకలను కాగితంలో చుట్టి తన టిఫిన్ డబ్బాలోనే పెట్టుకునేవాడు. దీనిమీద వదిన కాపురానికొచ్చిన నాటి నుంచి పోట్లాడేది. రొట్టెల డబ్బాలో రక్తం తెస్తాడు, రక్తం డబ్బాలో రొట్టెలు తీసుకుపోతాడు అని నాతో చెప్పుకుని మొత్తుకునేది. రెండు డబ్బాలు కొనిస్తే రెండింట్లోనూ పలకలే తెచ్చాడట.

ఇంకో అలవాటు, తలుపు పక్కన గోడ మీద జాజుతో గళ్లు గీసి, వచ్చిన తారీఖు వేసి, పొడి సంతకం పెట్టడం. అది మా శాఖలో పాత పద్ధతి. పై అధికారి ఎప్పుడైనా వస్తే గోడ చూసి, మా మనిషి ఆ ఇంటికి వచ్చాడో లేదో తెలుసుకోవాలని. ఒక్కపూట కూర్చుని ఆర్నెల్ల తారీఖులు ఒకేసారి వేసేసిన మహానుభావులు ఉన్నారు. అన్న అలా చేయలేదు. కోటగిరిలో ఒకావిడ కొత్తగా రంగులు వేయించిన గోడ మీద చెయ్యి వేయనివ్వకపోతే, బతిమాలి తలుపు వెనక గళ్లు గీసుకున్నాడు.

ఆయన పంపే కాగితాల్లో ప్రతి వారం ఏదో ఒక జ్వరం ఉండేది. మిగతా చాలాచోట్ల నుంచి చక్కగా సున్నలు వచ్చేవి. ఈ ఒక్క మనిషి తిరిగే ఊళ్లలోనే దోమలు పుడుతున్నాయా అని మీటింగుల్లో నవ్వేవాళ్లు. ఒకసారి నేనూ నవ్వుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు.

"సున్న రాసుడు అల్కగ చెల్లె. సున్న చేసుడే కష్టం" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎక్కడానికి చెరుకు కొట్టే కాలం రావాల్సి వచ్చింది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడుస్తున్న రోజులవి. చెరుకు కొట్టడానికి ఏటా మహారాష్ట్ర నుంచి ఆలుమగలు, పిల్లాజెల్లా, ఎడ్లబండ్లతో సహా వచ్చేవాళ్లు. పొలం గట్ల పక్కన ఎండు చెరుకాకుతో గుడిసెలు వేసుకుని నాలుగు నెలలు అందులోనే ఉండేవాళ్లు. పక్కనే కాలువ నీళ్లు నిలిచిన గుంటలు. వాళ్లు ఏ ఊరి జాబితాలోనూ లేరు కాబట్టి ఎవరూ వాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. అన్న వెళ్లేవాడు. సంతలో నేర్చుకున్న మరాఠీతో "థండీ వాజతే కా" అనేవాడు, చలి పుడుతున్నదా అని.

ఆ ఏడు కోటగిరి దగ్గర ఒకే పొలంలో తొమ్మిది మందికి మలేరియా తేలింది. ఆయన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. పేరు, వయసు, జ్వరం రకం అన్నీ ఉన్నాయి. ఇంటి నంబరు అన్న గడిలో మాత్రం తొమ్మిదిచోట్లా గీత గీశాడు. నంబరు కొట్టకపోతే నా కంప్యూటరు లైనును తీసుకోదు. ఫోన్ చేసి అదే చెప్పాను. చెరుకాకు గుడిసెకు నంబరు ఎవరిస్తారని అడిగాడు. నాకు తెలియదన్నాను. నంబరు లేనివాళ్ల జ్వరం జ్వరం కాదా అని అడిగాడు. నేను చేసేదేమీ లేదన్నాను. ఆ మాట ఎంత సులువుగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు కాగితం మళ్లీ వచ్చింది. ఈసారి తొమ్మిది గడుల్లోనూ నంబరుంది. కొట్టేశాను, కంప్యూటరు హాయిగా తీసుకుంది. తొమ్మిదింటికీ ఒకటే నంబరని నేను గమనించనే లేదు.

గమనించింది మా పెద్దసారు. బోధన్‌లో ఒకే ఇంట్లో తొమ్మిది మంది మలేరియా రోగులు ఉన్నారని తెలిసి గుండెలు బాదుకుని, అప్పటికప్పుడు జీపులో మందు కొట్టేవాళ్లను పంపించాడు. వాళ్లు వెళ్లేసరికి ఆ ఇంటి వాకిట్లో వదిన బియ్యం చెరుగుతోంది. పేషెంట్లు ఎక్కడమ్మా అని అడిగారట. "మా ఇంటి పేషెంటు పొద్దుగాల్నే డ్యూటీకి పోయిండు. మీ ఆఫీసు డ్యూటీకే" అందట ఆమె. అన్న తన సొంత ఇంటి నంబరునే ఆ గుడిసెలవాళ్లకు ఇచ్చేశాడు. వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియక, పై నుంచి ఆర్డరు ఉంది కాబట్టి, వంటింటి అలమారలతో సహా మందు కొట్టి వెళ్లారు. పచ్చడి జాడీలు వారం రోజులు ఆ కంపే కొట్టాయి. తర్వాత తర్వాత ఈ కథ చెప్పి వదిన పడీపడీ నవ్వేది గాని, ఆ రోజు మాత్రం ఏడ్చిందట.

రెండు రోజులకు మీటింగు పెట్టి అన్నను నిలబెట్టారు. లెక్క రాసుకోవడానికి నేనూ ఆ గదిలో ఉన్నాను. తప్పుడు చిరునామా ఎందుకు రాశావని పెద్దసారు అడిగాడు. గుడిసెకు నంబరు లేదు, మీ కంప్యూటరుకు నంబరు కావాలి, నా దగ్గర ఒకటి ఉంది ఇచ్చాను అని అన్న చెప్పాడు. పెద్దసారుకు అసలు బాధ చిరునామా కాదు. ఆ ఏడు మా పరిధిలో మలేరియా బాగా తగ్గిందని పైకి రాసి పంపాడు. పైనుంచి మెచ్చుకోలు రాబోతోంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. వాళ్లు మన రాష్ట్రం వాళ్లు కాదు, వాళ్ల జిల్లాకు ఉత్తరం రాస్తే వాళ్ల లెక్కలో వేసుకుంటారు, మన లెక్కలోంచి తీసేయండి అన్నాడు.

"గుంటల దోమకు మహారాష్ట్ర ఎర్కనా సార్? అది ఈడనే పుట్టింది, ఈడనే కుట్టింది" అన్నాడు అన్న.

పెద్దసారు నా వైపు తిరిగి, తీసేయమ్మా అన్నాడు.

తీసేశాను. ఎవరి మీదా నెట్టను, నా వేలితోనే తీసేశాను. ఒక్కో లైను ఎక్కించడానికి రెండు నిమిషాలు పట్టేది. తొమ్మిదీ తీసేయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అవతలి జిల్లాకు రాస్తామన్న ఉత్తరం ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. అన్న దగ్గరున్న మాత్రలు ఆరుగురికి సరిపోయాయి. మిగతా ముగ్గురికోసం స్టోరుకు వెళితే, మీ దగ్గర కేసులు సున్న అని కంప్యూటర్లో ఉంది, సున్నకు మాత్రలు ఇవ్వడం కుదరదన్నారు. బోధన్‌లో మందుల దుకాణాలన్నీ తిరిగి దొరికినంత తెచ్చాడు. అది ఇద్దరికి వచ్చింది. మూడో మనిషి, పాతికేళ్లు కూడా నిండని ఆడమనిషి. మాత్ర కోసం ఆయన నిజామాబాద్ వచ్చిన రోజున ఆమెకు తెలివి తప్పింది. పొలం ఆసామి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, చెడ్డవాడేమీ కాదు. తన ట్రాక్టరులోనే పట్నం దవాఖానకు బయలుదేరదీశాడు. దారిలోనే ఆమె ప్రాణం పోయింది. అన్న వెళ్లి అడిగితే ఆయన చెప్పిన మాట ఏమిటంటే, "ఆవిడ ట్రాక్టర్లో పోయిందండీ, మా పొలంలో కాదు. రాసేటప్పుడు కాస్త చూసి రాయండి."

రాయడానికి ఎవరున్నారు కనుక? పొలంలో పోలేదు కాబట్టి ఊరి లెక్కలో లేదు. దవాఖానకు చేరలేదు కాబట్టి దవాఖాన లెక్కలో లేదు. బతికుండగా వచ్చిన జ్వరాన్ని నేను తీసేశాను కాబట్టి మా లెక్కలోనూ లేదు. ఆమె భర్త, మిగతావాళ్లు ఆమెను తమ బండిలోనే వేసుకుని సరిహద్దు దాటి వెళ్లిపోయారు.

నాలుగో రోజు అన్న మా ఆఫీసుకు వచ్చాడు. అరుస్తాడనుకుని బిగదీసుకుని కూర్చున్నాను. అరవలేదు. జేబులోంచి ఒక గాజు పలక తీసి నా కీబోర్డు పక్కన పెట్టాడు. దాని మీద ఎర్రటి మరక ఎండి ఉంది.

"గీమెది. తీసేసినవ్ గద చెల్లె, పేరు గుర్తున్నదా?"

గుర్తులేదు. తొమ్మిది పేర్లలో ఒక్కటీ గుర్తులేదు. ఆయన ఆమె పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఆమె చంటిపిల్లకు ఎన్ని నెలలో చెప్పాడు. పలక తీసుకుని వెళ్లిపోయాడు. 

ఆయనకు మెమో ఇచ్చారు. తప్పుడు చిరునామా ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు. ఆయన జవాబు రెండు వాక్యాలు, నేనే టైపు చేశాను కాబట్టి కంఠతా వచ్చు. "చెరుకాకు గుడిసెలకు నంబర్లు ఇప్పించ ప్రార్థన. ఇచ్చిన వెంటనే నా ఇంటి నంబరు వాపసు తీసుకుంటాను." నెల తిరగకుండా ధర్పల్లికి బదిలీ చేశారు. ఆమె చావుకు ఎవరికీ మెమో లేదు. నాకైతే ఆ ఏడు కాంట్రాక్టు చప్పుడు లేకుండా కొనసాగింది.

మీరు అడగవచ్చు, అంత జరిగాక ఆయన నన్ను చెల్లె అని ఎలా పిలవగలిగాడని. పిలిచాడు. ధర్పల్లి నుంచి వచ్చినప్పుడల్లా వచ్చి పలకరించేవాడు. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుపోయి, ల్యాబులో సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, రక్తకణంలో ఉంగరంలా ముడుచుకుని ఉండే క్రిమిని చూపించాడు. నీ కంప్యూటర్లో ఒక లైను అంటే ఇదీ అన్నాడు. ఆ రోజు ధైర్యం చేసి, నా మీద కోపం పోయిందా అన్నా అని అడిగాను.

"పోలేదు. పోతే నువ్వు మల్ల గట్లనే చేస్తవ్. గందుకే ఉంచుకున్న" అన్నాడు.

ఆ కోపాన్ని ఆయన చాలా ఆపేక్షగా ఉంచుకున్నాడు. మాక్లూర్‌లో చివరి ఉద్యోగం చేసి, రిటైరై బోధన్ ఇంట్లో కూర్చున్నాక కూడా ప్రతి సోమవారం ఫోన్ చేసి ఈ వారం ఎన్ని అనేవాడు. సున్న అన్నా అనేదాన్ని. చేసిన సున్ననా, రాసిన సున్ననా అని అడిగేవాడు.  తెలుసుకుని చెప్పమని ఫోన్ పెట్టేసేవాడు. నాకు ఎవరి నుంచీ దొరకనంత గౌరవం ఆ ప్రశ్నలో దొరికింది. నిజం తెలుసుకోగలిగిన మనిషిగా నన్ను ఆయన తప్ప ఎవరూ చూడలేదు.

ఇక ఆయన సొంత జ్వరం సంగతి. మొదటి రోజే ఆయనకు అనుమానం వచ్చింది. దగ్గర్లోని సర్కారు దవాఖానకు వెళ్లి, రక్తం తియ్యండి, నాది మలేరియా జ్వరం లెక్కనే ఉంది అని అడిగాడట. పరీక్ష కిట్లు లేవన్నారు. పలక మీద తీయమంటే చూసే టెక్నీషియన్ పోస్టు ఖాళీ అన్నారు. అయినా ఇక్కడ మలేరియా ఎక్కడుందయ్యా, వైరల్ జ్వరమని రెండు రకాల మాత్రలు చేతిలో పోశారు. మలేరియా లేదని ఏళ్ల తరబడి రాసీ రాసీ, చివరికి రాసినవాళ్లే దాన్ని నమ్మేశారు. ముప్పై మూడేళ్లు జ్వరం వెతికిన మనిషి చెప్పినా ఎవరూ వినలేదు. నాలుగో రోజు మాట పడిపోయాక వదిన నిజామాబాద్ తీసుకొచ్చింది. అప్పటికి ఆలస్యమైంది.

దహనం అయిన మర్నాడు పొద్దున్నే ఆ ప్రైవేటు దవాఖానకు వెళ్లాను. మీ ల్యాబే మలేరియా అని తేల్చింది, అలాంటిది తేలితే వెంటనే తెలపాలన్న నియమం ఉంది, ఎందుకు తెలపలేదని బల్ల దగ్గర కూర్చున్న మేనేజరును అడిగాను. అతను దాపరికం లేకుండా చెప్పాడు. "చెప్తే మీ ఆఫీసోళ్లే వచ్చి సతాయిస్తరు మేడం. గా కాగితం ఏది, గీ కాగితం ఏది అని. గుండె అంటే ఎవ్వరు అడగరు." తిట్టాలనుకున్నాను. అతను చెప్పింది మా గురించే కదా అనిపించి తిరిగి వచ్చేశాను.

మా ఇప్పటి సారు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష కాగితం చూపించాను. వేరే మనిషే గాని కుర్చీ అదే. అయ్యో పాపం, పెద్దాయన మంచివాడని విన్నానన్నాడు. డాక్టరు గుండె అని రాశాక మనం కాదనడం బాగుండదన్నాడు. ఈ ఏడు కూడా సున్న మీద నిలబడితే మలేరియా లేని ప్రాంతమని ప్రకటిస్తారు, ఒక్క లైనుతో పాడుచేసుకోవద్దన్నాడు. చివర్లో, వచ్చే నెల కాంట్రాక్టులు కొత్తగా రాసేది ఉంది కదమ్మా అని మెల్లగా గుర్తు చేశాడు. పక్కింట్లో ఆ పిల్ల ఒళ్లు ఇంకా కాలుతోందని, ఆమె అవ్వ లేవడం లేదని వదిన పొద్దున ఫోన్లో చెప్పిన సంగతి చెప్పాను. వర్షాకాలం జ్వరాలు ఉంటూనే ఉంటాయన్నాడు.

నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. అన్న పేరు కొట్టాను. వయసు కొట్టాను. మలేరియా రకం కొట్టాను. ల్యాబు కాగితాన్ని ఫోటో తీసి జతచేశాను. ఫలితం అన్నచోట మరణం అని కొట్టి పైకి పంపేశాను. మరణం అని ఎక్కిన లైను క్షణాల్లో హైదరాబాదులో కనిపిస్తుంది. దాన్ని కిందివాళ్లు తీసేయడం ఇప్పుడు కుదరదు.

అరగంటలో పై నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సారు నన్ను పిలిచి, ఏం చేశావో తెలుసా అని అడిగాడు. తెలిసే చేశానన్నాను. చెబుతున్నాను గాని ఇందులో గొప్పేమీ లేదు. తొమ్మిది మంది పరాయివాళ్ల కోసం కొట్టవలసిన లైను ఆనాడు కొట్టి ఉంటే, నేనూ మనిషినని చెప్పుకునేదాన్ని. నా అన్న పోతే తప్ప నా చెయ్యి కదలలేదు. ఆ ఆడమనిషికీ ఎవరో ఒక చెల్లెలు ఉండే ఉంటుంది. ఆమె చేతిలో కంప్యూటరు లేదు, అంతే తేడా. ఇది రాస్తున్నప్పటికి నా కాంట్రాక్టు కాగితం రాలేదు. వస్తుందో రాదో తెలియదు.

గురువారం పొద్దున బోధన్‌లో అన్న గల్లీకి మనుషులు వచ్చారు. మందు కొట్టేవాళ్లు ఇద్దరు, వేరే వార్డు నుంచి పంపిన ఆశ కార్యకర్త ఒకామె. ఆమె ఈడు చిన్నది, అన్నను ఎప్పుడూ చూసి ఉండదు. నేను సెలవు పెట్టి వెళ్లాను. ముందు పక్కింటికే తీసుకెళ్లాను. వెంట తెచ్చిన కిట్టుతో చూస్తే పిల్లకు, అవ్వకు ఇద్దరికీ మలేరియానే. అదే రకం. మొదటి మాత్రలు మా ఎదుటే మింగించారు. పిల్ల చేదని ఉమ్మబోతే వాళ్లమ్మ నోరు మూసిపట్టుకుంది. 

గల్లీ అంతా తిరిగి చివరగా అన్న ఇంటికి వచ్చాం. మలేరియా తేలిన ఇల్లు కనుక, జ్వరం ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో అందరి రక్తం పలక మీద తీయాలి. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలిన ఒకే మనిషి, వదిన, గడపలో కూర్చుని ఉంది. ఆశ కార్యకర్త కాగితం తీసి, తల ఎత్తకుండానే, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది.

"ఇద్దరం" అంది వదిన.

నేను నోరు తెరిచాను. ఒకరి లెక్కలు సరిచేయడమే ఇన్నేళ్లుగా నా ఉద్యోగం. ఆ ఒక్క మాటను సరిచేయడం నా వల్ల కాలేదు. ఆశ కార్యకర్త రెండు అని రాసుకుని, డబ్బాలోంచి రెండు గాజు పలకలు తీసి, తుడిచి, అరుగు మీద పక్కపక్కన పెట్టింది. వదిన ఎడమ చెయ్యి చాపింది. చుక్క మొదటి పలక మీద పడి ఎండకు మెల్లగా నల్లబడసాగింది. ఆ అమ్మాయి దూది పట్టుకుని, రెండో మనిషి ఎప్పుడు వస్తాడా అని లోపలి గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. అరుగు మీద రెండో పలక మరక లేకుండా మెరుస్తోంది.